పెరటి వాకిట్లోంచి వచ్చే మా అక్క

మా అక్క పోయిన సంగతి నాకు పొద్దున ఏడున్నరకు తెలిసింది. అక్క అంటే తోడబుట్టినది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నాకు తోడికోడలు. మదురైలో మా అత్తవారి పాత ఇంట్లోనే చివరిదాకా ఉంది. నేను కోయంబత్తూరులో, ఆర్.ఎస్. పురంలో ఉంటాను. ఫోన్ చేసింది ఆమె కూతురు. "చిన్నమ్మా, అమ్మ పొయ్యింది. వాకిలి చల్లి, ముగ్గు ఏసి, లోపలికి వచ్చి కూకునింది. అంతే" అంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "ఎవరెవరికి చెప్పినావే?" అని అడిగాను. ఆ పిల్ల వెక్కుతూనే వరసగా చెప్పింది. మొదట వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడకు చెప్పిందట, తరువాత పక్కింటికి, తరువాత పాలాయనకు, ఆ తరువాత నాకు. నలభై ఏళ్ళ తోడికోడలిని నేను, ఇస్త్రీ ఆవిడ తరువాతనా! నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయి గంట కాలేదు, నేను అక్కడ నా స్థానం ఎక్కడా అని వెతుక్కుంటున్నాను.

ఈ మాట దాచి రాయవచ్చు. మొదట అట్లాగే రాశాను కూడా. మన తెలుగువాళ్ళ సంఘం సంచికకు ఆమె గురించి రాసివ్వమని సంఘం పెద్దలు అడిగినప్పుడు "మీరైతే చక్కగా రాస్తారమ్మా" అన్నారు. నిజమే, నాకు చక్కగా రాయడం వచ్చు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదివేవాళ్ళు తక్కువ. నేను పెళ్ళయ్యాక సంఘంవాళ్ళ ఆదివారం తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అక్క నేర్చుకోలేదు. తమిళంలో బస్సు బోర్డు చదివేది, అది చాలనుకునేది. కాబట్టి బతికున్నా ఈ రాత ఆమె కంట పడేది కాదు. ఆ ధైర్యంతో మూడు పేజీలు రాశాను. చదువుకుంటే అందులో ఆమె కంటే నేనే మంచిదానిలా కనిపించాను. చించి పారేశాను. ఇది రెండోసారి రాస్తున్నది.

నేను కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆమె వచ్చి నాలుగేళ్ళయింది. మొదటి రోజు వంటింటి గడపలో నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "పట్టుచీర ఇప్పేసి పాతది కట్టుకో. నూనె చిందుతాది" అంది. ఇంకేమీ లేదు. రా అమ్మా అని లేదు, బాగుండావా అని లేదు. నేను గదిలోకి పోయి ఏడ్చాను. సాయంత్రానికి ఆ సంగతి చుట్టాలందరికీ తెలిసింది. నేనే తెలిసేలా చేశాను. పెద్ద కోడలి నోరు కాకరకాయ, చిన్న కోడలి నోరు చక్కెర అని ఆ వారంలోనే పేరు పడిపోయింది. ఆ పేరును నేను నలభై ఏళ్ళు మెరుగు తగ్గకుండా దాచుకున్నాను.

ఆమె అలవాట్లలో ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. చావింటికి ఆమె ఎప్పుడూ వీధి గుమ్మంలోంచి వచ్చేది కాదు. మన ఆడవాళ్ళ పద్ధతి మీకు తెలుసు. ముందు హాల్లో గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, పోయినవాళ్ళ గుణాలు చెప్పి చెప్పి ఏడుస్తాం. అందులో నాకు పేరుంది. నేను గొంతు ఎత్తితే మగవాళ్ళు కూడా పందిట్లో కండువా కళ్ళకు అద్దుకుంటారు. అక్క ఆ గుంపులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఏదో పెళ్ళిలో తాంబూలానికి ఇచ్చిన పసుపు గుడ్డ సంచి ఒకటి చంకలో పెట్టుకుని, సందులోంచి వెళ్ళి పెరటి వాకిట్లోంచి లోపలికి దూరేది. సంచిలో పాత చీర ఒకటి ఉండేది. అది కట్టుకుని, కొంగు దోపుకుని, నీళ్ళు తోడేది. కట్టెల పొయ్యి రాజేసేది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఇంటివాళ్ళను వెతికి పట్టుకుని పక్కింటి నుంచి కాఫీ తెచ్చి తాగించేది.

"సావింట్లో ఏడ్సేవాళ్ళకి కొదవ లేదు. నీళ్ళు కాసేవాళ్ళకే కొదవ" అని ఒకసారి నాతో అంది. నన్ను ఉద్దేశించి అందా, ఊరికే అందా అని పది రోజులు ఆలోచించాను.

"ఆ పెద్దదానికి కంట్లో తడే రాదు కదా" అని హాల్లో ఎవరో ఒకరు అనేవాళ్ళు. నేను వెంటనే, "ఆమె తీరే అంత, పాపం" అనేదాన్ని. ఈ పాపం అనే మాట ఎంత పదునైనదో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? ఆమెను వెనకేసుకొచ్చినట్టూ ఉంటుంది, ఆ మాటను ఖాయం చేసినట్టూ ఉంటుంది. అట్లా ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి గాంధీపురం దగ్గర మండపంలో జరిగింది. రిసెప్షన్‌లో పిల్లను మూడు గంటలు నిలబెట్టి ఫోటోలు తీస్తున్నారు. నేను వేదిక మీదే ఉన్నాను, పిల్ల కొంగు సర్దుతూ, "నవ్వు కన్నూ, నవ్వు" అంటూ. ప్రతి ఫోటోలో నేనుంటాను, కావాలంటే ఆల్బమ్ చూడండి. మా అక్క చేతిలో అరిటాకు ముక్క మీద రెండు ఇడ్లీలు పెట్టుకుని వేదిక ఎక్కింది. వీడియో తీస్తున్నాయన "కొంచెం జరగమ్మా" అని తమిళంలో అరిచాడు. "నువ్వు జరుగు. బిడ్డ మొగం పాలిపొయ్యుండాది, నీకు కనపడలే?" అని అందరి ముందూ పెళ్ళికూతురి నోట్లో ఇడ్లీ పెట్టింది. పెళ్ళికొడుకువాళ్ళ ముందు మా పరువు పోయిందని నేను గొణుక్కున్నాను. వాళ్ళకు సర్దిచెప్పింది కూడా నేనే, "పల్లెటూరి మనిషి, ఏమనుకోకండి" అని. ఆ పిల్ల మాత్రం నమిలి మింగుతూ మా అక్క చెయ్యి వదల్లేదు. ఎంగిలి చెయ్యి, చట్నీ చెయ్యి, పట్టుచీరకు అంటుతుందని కూడా చూడలేదు. మూడు గంటలు పక్కన నిలబడింది నేను కదా!

ఇక మా అత్తగారి సంగతికి వస్తాను. అసలు దానికోసమే ఈ రాతంతా.

అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నాలుగేళ్ళు మంచం మీదే ఉన్నారు. ఆ నాలుగేళ్ళూ చూసుకున్నది అక్క. పొద్దున ఎత్తి కడగడం, పక్కబట్టలు ఉతకడం, వీపు మీద పుళ్ళు పడకుండా రెండు గంటలకొకసారి తిప్పి పడుకోబెట్టడం. చేస్తూ చేస్తూ తిట్టేది కూడా. "కాలు ఊపద్దంటే ఊపుతావే, నేనేమన్నా నీ కడుపున పుట్టినానా?" అని గట్టిగా అరిచేది. వీధిలోకి వినపడేది.

నేను నెలకు రెండు ఆదివారాలు కారులో వెళ్ళేదాన్ని, ఆపిల్ పళ్ళు తీసుకుని. అత్త నోట్లో నాలుగే పళ్ళున్నాయి. "ఆమె ఆపిల్ కొరుకుతాదా? వచ్చే దారే కదా, ఒట్టన్‌చత్రంలో మునక్కాయలు తెస్తే రసం పెట్టి ఇస్తాను" అని నేను వెళ్ళిన ప్రతిసారీ అక్క చెప్పేది. నేను ఒక్కసారీ తేలేదు. కారులోంచి మునక్కాయల కట్ట పట్టుకుని దిగితే ఏం బాగుంటుంది? ఆపిల్ పళ్ళు ఇత్తడి పళ్ళెంలో పేర్చి మంచం పక్కన పెడితే వచ్చినవాళ్ళు "ఎవరు తెచ్చినారు?" అని అడిగేవాళ్ళు. అత్తగారు "నా చిన్న కోడలు. బంగారం" అనేవారు. రోజూ ఒళ్ళు కడిగే చేతిని ఎవరూ పొగడరు. ఆ చెయ్యి నొప్పి పెడుతుంది, అరుస్తుంది, సిగ్గుపరుస్తుంది. ఆదివారం వచ్చే చెయ్యి తల నిమిరి పోతుంది.

మన సంఘంలో ఏటా ఒక మంచి కోడలికి శాలువ కప్పే ఆనవాయితీ ఉంది కదా. ఆ ఏడు పెద్దలు ఇళ్ళు చూడడానికి మదురై వచ్చింది ఒక ఆదివారం. నేను మంచం మీద కూర్చుని అత్తకు చెంచాతో పాయసం పెడుతున్నాను. అక్క పెరట్లో దుప్పట్లు పిండుతోంది. పెద్దలు లోపలికి అడుగు పెట్టగానే పెరటి నుంచి కేక వేసింది. "చెప్పులు బయట ఇడిసి రాండి. ఇప్పుడే తుడిసినా!" సంఘం అధ్యక్షుడు గతుక్కుమన్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని "నా బంగారం" అన్నారు. ఇక ఎవరికి శాలువ అని వేరే చెప్పాలా?

కోయంబత్తూరులో సభ. నన్ను వేదిక ఎక్కించి, జరీ అంచు శాలువ కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. నేను పది నిమిషాలు మాట్లాడాను. పెద్దల సేవ గురించి, మన ఇంటి పద్ధతుల గురించి, అత్తలో అమ్మను చూడడం గురించి. మీలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా "మీ పెద్ద తోడికోడలు రాలేదేం?" అని అడగలేదు. ఆమె ఎట్లా వస్తుంది? ఆమె వస్తే అత్తను ఎవరు చూస్తారు? ఈ సంగతి వేదిక మీద నిలబడినప్పుడే నాకు తట్టింది. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు. నేను ఆ మాట అనలేదు. అందరికీ దండం పెట్టి దిగాను.

మర్నాడు శాలువ పట్టుకుని మదురై వెళ్ళాను, అత్తకు చూపించాలని. అబద్ధం ఎందుకు, అక్కకు చూపించాలని. ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుని, శాలువను వేళ్ళతో తడిమి చూసింది.

"మెత్తగా ఉండాది. ఇట్లా ఇయ్యి" అంది.

ఇచ్చాను. తీసుకుపోయి అత్త కాళ్ళ మీద కప్పి, అంచులు పరుపు కిందకు దోపింది.

"అక్కా, అది నాకు ఇచ్చిన శాలువ" అన్నాను.

"ఆమా, అవును నీదే. ఎవరు కాదన్నారు? అత్తని చూసుకొనేదానికే కదా ఇచ్చినారు. ఆమె కాళ్ళు సల్లగా ఉండాయి."

ఎత్తిపొడుపా? అమాయకత్వమా? ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు. ఆదివారం మళ్ళీ వెళితే శాలువ తాడు మీద ఆరుతోంది. ఉతికేసింది! జరీ శాలువను సబ్బు పెట్టి, రాయి మీద వేసి! తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. నా గురించి ఆమెకు ఏం తెలుసు? నా మంచితనం ఎంతవరకు వేషమో ఆమె కనిపెట్టిందా? ఊరంతా నన్ను మంచిదంటున్నా, ఆ ఒక్క మనిషి ఏమనుకుంటున్నదో తెలియక నాకు సుఖం లేకపోయింది.

అత్తగారు పోయిన రోజు సంగతి కూడా చెప్పాలి. నేను వంగి, "అత్తా, నేను" అన్నాను. నా ముఖం చూసి "ఎవరు?" అన్నారు. అక్క చెయ్యి చెంప కింద పెట్టుకుని, "అమ్మా" అని ఆమెను పిలిచారు. తిట్టిన మనిషిని, అరిచిన మనిషిని, అమ్మా అని! అది జరిగి ఏడేళ్ళయింది. ఆ "అమ్మా" కోసం నేను నా శాలువనూ నా పేరునూ రెండూ ఇచ్చేసేదాన్ని, ఎవరైనా పుచ్చుకుంటే. నాకు ఆమె మీద అసూయ. చచ్చేంత అసూయ. రాసేశాను, ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆమె పోయిన రోజు పూలమార్కెట్‌లో అన్నిటికంటే పెద్ద గులాబీల మాల కొనించాను. కారులో దారి పొడుగునా ఏ మాటలతో ఏడవాలో మనసులో వరస కట్టుకున్నాను. ఒట్టన్‌చత్రంలో కూరగాయల లారీల మధ్య కారు ఆగిపోయింది. కిటికీ పక్కనే మునక్కాయల కట్టలు, మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. చూసి ముఖం తిప్పుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మాల అక్క మీద వేసి, తల దగ్గర కూర్చుని, గొంతు ఎత్తాను. "నా తల్లీ, నన్ను ఒంటిదాన్ని చేసి పోతివే" అని మొదలు పెట్టాను. రెండో గొంతు కలవలేదు. భుజం మీద చెయ్యి వేద్దామంటే పక్కన ఎవరూ లేరు. హాల్లో చెవుడు వచ్చిన ఇద్దరు ముసలమ్మలు, పందిట్లో మగవాళ్ళు, అంతే. వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులే లేవని అప్పుడు గమనించాను. పెరటి వైపు నుంచి గిన్నెల చప్పుడు వస్తోంది.

లేచి వెళ్ళాను. పెరడంతా ఆడవాళ్ళే. ఇరవై మందికి తక్కువ లేరు. ఒకతె నీళ్ళు తోడుతోంది, ఒకతె కట్టెలు విరుస్తోంది, ఇద్దరు గోడవారన కూర్చుని వచ్చినవాళ్ళ పిల్లలకు పెరుగన్నం కలిపి పెడుతున్నారు. అందరూ పాత చీరలే కట్టుకున్నారు. గోడ మీద వరసగా గుడ్డ సంచులు. ఆనాటి పెళ్ళికూతురు, మా ఆడపడుచు కూతురు, కొంగు దోపుకుని పొయ్యి ఊదుతోంది. ఎవరూ ఎవరినీ పిలవలేదట. సందులోంచి ఒక్కొక్కతే వచ్చిందట. వాళ్ళలో సగం మంది పేర్లు కూడా నాకు తెలియదు. నేను పోతే నా హాలు నిండుతుంది, ఆ నమ్మకం నాకుంది. నా పెరట్లో ఎవరుంటారు?

అక్క కూతురు నా దగ్గరకు వచ్చింది. ఆ పిల్ల ముఖం చూస్తూనే, ఎన్నేళ్ళుగానో నమిలిన ప్రశ్న బయటపడింది. "మీ అమ్మ నా గురించి ఏమనేదే? నిజం చెప్పు."

"నీ గురించా?" ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నువ్వు వచ్చిన ఆదివారం అవ్వ రెండు ముద్దలు ఎక్కువ తింటాది అనేది. నువ్వు రాని వారం అవ్వ వాకిలి పక్కే చూస్తా ఉండేది కదా. అందుకే అమ్మ శనివారం నీకు ఫోన్ చేసేది, గుర్తుండాదా?"

గుర్తుంది. "రేపు వస్తావా రావా, కరెక్టుగా చెప్పు" అని కసురుకున్నట్టు అడిగి పెట్టేసేది. నన్ను తనిఖీ చేస్తోందని పళ్ళు నూరేదాన్ని.

"ఒకసారి నాన్న అన్నారు, ఆమె ఊరికి కనపడేదానికి వస్తాది, నువ్వేల పిలుస్తావని. అమ్మ ఏమనిందంటే, కనపడేదానికే రానీ, అత్తకి సంతోషం నిజంగానే కదా వస్తాది, అనింది."

తెలుసు. అక్కకు అంతా తెలుసు. తెలిసి ఎక్కడా అనలేదు, చివరికి నా మొహాన కూడా. నా వేషాన్ని కూడా మడత పెట్టి, శాలువను వాడినట్టే అత్తకోసం వాడుకుంది. ఇందులో కూడా ఆమే గెలిచింది. నాకు ఏడుపు వచ్చింది. కారులో కట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అప్పుడు ఎవరో వెనక నుంచి నా మోచెయ్యి తట్టారు. ఇస్త్రీ బండి ఆవిడ. అక్కకు ఆఖరి స్నానం చేయించడానికి నీళ్ళు కాగాయి, పొయ్యి మీద గుండిగ సెగలు కక్కుతోంది. "ఇందాంగ అమ్మా, పట్టండి" అంటూ తాడు మీది గుడ్డ ఒకటి లాగి, ఒక కొస తాను పట్టుకుని రెండో కొస నా చేతిలో పెట్టింది, గుండిగ చెరో పక్కా పట్టి దించడానికి. గుడ్డ మెత్తగా, పలచగా ఉంది. అంచున జరీ ఎప్పుడో రాలిపోయి, దారపు గుర్తు మాత్రం మిగిలింది. అది నా శాలువ.

పట్టుచీర కొంగు నడుముకు దోపుకున్నాను. ఆవిడ అటు, నేను ఇటు, శాలువ కొసలు మడిచి గుండిగ ఎత్తాం. సెగ గుడ్డలోంచి అరచేతికి తగిలింది. రెండు అడుగులు వేశాక, అలవాటు ఎక్కడికి పోతుంది, తల తిప్పి ఎవరైనా చూస్తున్నారా అని చూశాను. అందరూ ఎవరి పనిలో వాళ్ళున్నారు. "కింద చూసి నడవండి అమ్మా, నీళ్ళు ఒలుకుతాయి" అని ఇస్త్రీ ఆవిడ తమిళంలో కసిరింది. నేను కింద చూసి నడిచాను.